నిండుకున్న ఫోల్డర్లు

మీ వంటింట్లో ఖాళీ డబ్బాలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను పెట్టలేదు. మా వారు పెట్టారు. ఒక ఆదివారం పేపరు ఆలస్యంగా వచ్చిన పాపానికి ఆయన వంటింట్లోకొచ్చి, పై అర మీది డబ్బాలన్నీ ఒక్కొక్కటే దించి, మూతలు తీసి చూసి, "ఇరవై మూడు!" అని ప్రకటించారు, దొంగసొత్తు పట్టుకున్న పోలీసులాగా.

"ఇవన్నీ ఎందుకోయ్, ఎవరికైనా ఇచ్చెయ్యక?"

"ఉండనివ్వండి. ఎప్పుడో పనికొస్తాయి" అన్నాను.

ఈ 'ఎప్పుడో పనికొస్తాయి' అనే మాట మా అమ్మ నుంచి నాకు సంక్రమించిన ఆస్తి. అమ్మకి ఖాళీ అన్న మాటే గిట్టేది కాదు. బియ్యం అయిపోతే అయిపోయాయి అనేది కాదు, 'నిండుకున్నాయి' అనేది. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అనేది. పక్కింటివాళ్ళు పులుసు పోసి పంపిన గిన్నెని ఒట్టిగా తిప్పి పంపేది కాదు. ఇంట్లో ఏమీ లేకపోతే పెరట్లోంచి నాలుగు కరివేపాకు రెబ్బలైనా తుంచి అందులో వేసి పంపేది. అలాంటి తల్లికి పుట్టినదాన్ని, ఖాళీ డబ్బాల్ని ఖాళీ డబ్బాలుగా చూడమంటే ఎలా చూస్తాను చెప్పండి!

సరే, వంటింటి డబ్బాలంటే మా వారి కళ్ళబడ్డాయి గానీ, నాకు ఇంకో వంటిల్లుందనీ, అందులో ఇంతకు మూడింతల ఖాళీ డబ్బాలున్నాయనీ మొన్న దసరాకి మా అబ్బాయి వచ్చేదాకా ఎవరికీ తెలీదు. ఆ వంటిల్లు నా లాప్‌టాపు.

దాన్ని 2014లో కొన్నాం. నాలుగేళ్ళు తిరిగేసరికి పాపం ముసలిదైపోయింది. స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉండేది. 2018లో, అప్పుడు ఇంటరు చదువుతున్న మావాడు, "ఊరికే దొరుకుతుందమ్మా" అంటూ అందులో ఉబుంటు పెట్టాడు. ఊరికే అన్న మాట వినగానే మా వారు కూడా సరేనన్నారు. అప్పట్నించీ అది బుద్ధిగా పనిచేస్తోంది. నా నవలలు రెండు అందులోనే పూర్తయ్యాయి.

పూర్తయినవి రెండు. మరి మొదలుపెట్టినవో? అక్కడే ఉంది చిక్కు.

చిన్నప్పుడు బడి తెరిచే ముందు కొత్త నోటుపుస్తకం కొనుక్కుని, అట్ట వేసి, మొదటి పేజీలో పైన 'శ్రీ' చుట్టి, పేరూ తరగతీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేదాన్ని. ఆ సంబరం లోపలి పేజీల దాకా వెళ్ళేది కాదు. ఇప్పటికీ అదే బుద్ధి. బస్సులో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకున్న మాట చెవిన పడిందంటే ఇంటికొచ్చి ఒక ఫోల్డరు. పెళ్ళిలో ఒక మేనత్త మొహం చూసి ఇంకో ఫోల్డరు. దాని లోపల 'పాత్రలు' అని ఒకటి, 'మొదటి భాగం' అని ఒకటి, మొదటి భాగం లోపల 'అధ్యాయం ఒకటి' అని మరొకటి. పునాది తవ్వకముందే గుమ్మాలకి తోరణాలన్నమాట! కథ మాత్రం తోరణం దాటి లోపలికి వచ్చేది కాదు. నాలుగు రోజులు పోయాక ఆ ఇల్లే మరిచిపోయేదాన్ని.

దసరాకి రెండు రోజుల ముందు ఒక పత్రికవారు పాత కథ ఒకటి అడిగారు. అది నా దగ్గరే ఉంది. ఏ ఫోల్డరులో ఉందో తెలియాలి. 'కొత్త నవల' తెరిచాను, ఖాళీ. 'కొత్త నవల రెండు', ఖాళీ. 'అసలైన కొత్త నవల', 'ఇది తప్పకుండా రాయాలి', అన్నీ ఖాళీ. ముప్పావుగంట సేపు తలుపులు తీస్తూ మూస్తూ కూర్చున్నాను. బెంగుళూరు నుంచి అప్పుడే దిగి స్నానం చేసి వచ్చిన మావాడు నా భుజం మీదుగా తొంగి చూసి, పకపకా నవ్వాడు.

"ఏంటమ్మా ఇది? ఊరంతా టులెట్ బోర్డులే!"

"నవ్వింది చాల్లే. ఖాళీవన్నీ తీసెయ్యడానికి ఏదైనా మార్గముంటే చెప్పు. ఒక్కొక్కటే పట్టుకుని చెత్తబుట్టలో వెయ్యాలంటే దీపావళి వచ్చేస్తుంది."

వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, ఏవో రెండు మీటలు నొక్కాడు. తెర మీద ఒక నల్లటి పలక తెరుచుకుంది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. ఒక మూల చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది, ఏం కావాలో చెప్పు అన్నట్టుగా. దీన్ని టెర్మినల్ అంటారట. ఇక్కడ చూపించి అడగడం ఉండదు, మాటతో చెప్పి చేయించుకోవడమే. ఆ మాటల్ని కమాండ్లు అంటారు.

"ఖాళీ డైరెక్టరీ తీసెయ్యడానికి ఆరెమ్‌డిర్ అని ఒక కమాండు ఉందమ్మా" అన్నాడు.

డైరెక్టరీ అంటే కంగారుపడకండి. మనం ఫోల్డరు అంటామే, అదే. డైరెక్టరీ అన్నది బారసాలనాటి పేరు, ఫోల్డరు ముద్దుపేరు. 'రిమూవ్ డైరెక్టరీ' అన్న మాటల్ని కుదించి ఆర్, ఎం, డి, ఐ, ఆర్ అని అయిదక్షరాలు చేశారు. ఇదేమీ నిన్నటి మాట కాదు. అమెరికాలో బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వారి తోటివాళ్ళు తయారుచేసిన యూనిక్స్‌కి 1971 నవంబరులో వచ్చిన మొట్టమొదటి మాన్యువల్లోనే ఈ కమాండు ఉంది. అంటే నాకన్నా పెద్దది! ఆ రోజుల్లో తెర కూడా ఉండేది కాదట. టెలిటైపు యంత్రం మీద టకటకా కొడితే కాయితం మీద అచ్చయ్యేదట. కొట్టడం కష్టం గనక మాటలు పొట్టివి పెట్టుకున్నారు. టెలిగ్రాములో ఒక్కో మాటకీ డబ్బులు లెక్కపెట్టుకుని రాసినట్టే.

"పేరు రాసి ఎంటరు కొట్టు. ఖాళీదైతే తీసేస్తుంది. ఖాళీది కాకపోతే తియ్యదు" అన్నాడు మావాడు.

'కొత్త నవల' అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఇచ్చి కొట్టాను. ఏమీ జరగలేదు. ఆ గీత మళ్ళీ వచ్చి కింద నించుంది.

"ఏం, వినిపించలేదా దానికి?"

"అయిపోయిందమ్మా. పని జరిగితే అది నోరు మెదపదు. జరక్కపోతేనే మాట్లాడుతుంది."

ఈ లక్షణం మా ఇంట్లో మరెవరికైనా ఉంటే ఎంత బావుండును అనుకున్నాను. కరెంటు బిల్లు కట్టొస్తే వారం రోజులు చెప్పుకునే మనిషితో కాపురం నాది.

'అసలైన కొత్త నవల' దగ్గర మాత్రం ఎదురు తిరిగింది. ఖాళీగా లేదు పొమ్మంది. చూస్తే దాంట్లో 'పాత్రలు' అని ఇంకో ఖాళీ ఫోల్డరు ఉంది. లోపలిది ఖాళీదే అయినా బయటిదాని లెక్కలో అది ఒక సామానే. ముందు లోపలిది తీసి, తరవాత బయటిది తియ్యాలి. నచ్చింది నాకీ పద్ధతి. ఇంట్లో చివరి మనిషి ఉన్నంతసేపూ ఇల్లు ఖాళీ అనకూడదు కదా.

"దీనికి భయపడక్కర్లేదమ్మా" అన్నాడు వాడు. "ఖాళీది కానిదాన్ని ఇది చచ్చినా ముట్టుకోదు. ఉత్త ఆరెమ్ అని ఇంకోటి ఉంది, దానికి మైనస్ ఆర్ అని తగిలిస్తే లోపలి సామానుతో సహా తీసేస్తుంది. పక్కన ఎఫ్ కూడా తగిలించావో, అడగను కూడా అడగదు. దాని జోలికి మాత్రం వెళ్ళకు. ఇక్కడ తీసింది ఏదీ చెత్తబుట్టలోకి వెళ్ళదు. పోయిందంటే పోయినట్టే."

రెండు రకాల మనుషులు కనబడ్డారు నాకు ఆ రెండు కమాండ్లలో. బీరువా సర్దమంటే ప్రతి చీరా మడత విప్పి చూసి పక్కన పెట్టేవాళ్ళు ఒకరు. అర అర పళంగా మూట కట్టి స్టీలుసామానువాడికి వేసేసి, 'శుభ్రం చేశానోయ్' అని చేతులు దులుపుకునేవాళ్ళు ఇంకొకరు. మా ఇంట్లో రెండో రకం ఎవరో నేను చెప్పను.

"ఇంతకీ నిజంగా ఖాళీదా కాదా అని దానికి ఎలా తెలుస్తుందిరా?" అని అడిగాను.

అప్పుడు వాడు చెప్పిన సంగతి నన్ను కాస్సేపు కదలకుండా కూర్చోబెట్టింది. పూర్తిగా ఖాళీ అన్నది అసలు ఉండదట. ఎంత ఖాళీ ఫోల్డరులోనైనా రెండు గుర్తులు ఉంటాయి. ఒక చుక్క, పక్కపక్కన రెండు చుక్కలు. ఒక చుక్క అంటే తను. రెండు చుక్కలంటే తనను కన్న ఫోల్డరు, అంటే తను ఏ ఫోల్డరులో పుట్టిందో అది. ఈ రెండూ తప్ప ఇంకేమీ లేకపోతే దాన్ని ఖాళీ అంటారు. అన్నిటికీ పైన మూలపుటమ్మలాంటి ఫోల్డరు ఒకటుంటుందట, దానికి పైన ఎవరూ లేరు గనక దాని రెండు చుక్కలు కూడా తననే చూపిస్తాయట.

నేనూ, మా అమ్మా. ఇంకేమీ లేకపోయినా ఆ రెండూ మిగులుతాయన్నమాట. కంప్యూటర్లు తయారుచేసినవాళ్ళకి ఆడవాళ్ళ సంగతులు ఇంత బాగా ఎలా తెలిశాయో!

"ఖాళీది ఎంత చోటు తింటుందిరా?"

"మన దాంట్లో ఒక్కోటీ 4,096 బైట్లు. అన్నీ కలిపినా నీ ఫోనులో ఒక్క ఫోటో పెట్టేంత చోటు కూడా రాదు."

"మరి ఎందుకురా తియ్యడం?"

"చోటు కోసం కాదమ్మా. ఉన్నది కనపడ్డానికి."

అది నిజమే. ముప్పావుగంట వెతికినదాన్ని, కాదనలేకపోయాను.

ఒక్కొక్కటే పేరు కొట్టడం విసుగని, మావాడు ఇంకో మంత్రం రాసిచ్చాడు. అది ఫైండ్ అనే కమాండు. ఫైండ్, ఒక చుక్క, మైనస్ టైప్ డి, మైనస్ ఎంప్టీ, చివర మైనస్ డిలీట్. తెలుగులో చెప్పాలంటే: ఇక్కణ్ణించి మొదలుపెట్టి వెతుకు, డైరెక్టరీలు మాత్రమే చూడు, ఖాళీవైతేనే, తీసెయ్యి. ఇది అట్టడుగు నుంచి పైకి వస్తుంది. ముందు పిల్ల ఫోల్డర్లు, తరవాత తల్లివి. పిల్లలు పోగా తల్లి కూడా ఖాళీ అయితే, తల్లిని కూడా తీసేస్తుంది.

"కానీ ఒక్క జాగ్రత్తమ్మా. ఆ డిలీట్ అన్నది ఎప్పుడూ చివరే ఉండాలి. ఇది ఎడమ నుంచి కుడికి ఒక్కో మాటే అమలు చేసుకుంటూ పోతుంది. డిలీట్‌ని ముందు రాశావంటే, ఖాళీదో కాదో చూసే లోపలే అన్నీ ఊడ్చేస్తుంది. నీ నవలలతో సహా."

గుండె గుభేలుమంది. మన భాషలో 'ఖాళీ అయితే తీసెయ్యి' అన్నా, 'తీసెయ్యి, ఖాళీ అయితే' అన్నా అర్థం ఒక్కటే. వినేది మనిషి గనక. వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాడు గనక. దీనికి ఆగడం తెలీదు.

"ముందు డిలీట్ వద్దు. ఏమేం పోతాయో చూడాలి" అన్నాను.

డిలీట్ ఉన్నచోట ప్రింట్ అని రాస్తే పేర్లు మాత్రం చూపిస్తుందట. నా రాతలుండే ఫోల్డరులోకి వెళ్ళి, అక్కడే నడిపించాడు. తతిమ్మా కంప్యూటరులో వద్దన్నాడు. అక్కడి ఖాళీ డైరెక్టరీల్లో కొన్ని వేరే ప్రోగ్రాములు తమ అవసరానికి ఉంచుకున్నవి ఉంటాయట. ఊళ్ళోవాళ్ళ డబ్బాల మూతలు మనం తియ్యకూడదు కదా.

పేర్లు బిలబిలా వచ్చాయి. మొత్తం 64.

నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టాను గానీ, పది పేర్లు దాటేసరికి నవ్వు ఆగిపోయింది. 'నర్సు కథ'. మావాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో రాత్రంతా మాతోపాటు మేలుకున్న అమ్మాయి. తన కథ రాస్తానని మాటిచ్చాను ఆమెకి. 'రైలు పరిచయం'. 'మేడ మీద అద్దెకున్నావిడ'. 'అత్తగారి కాశీ'. మా అత్తగారు కాశీ నుంచి తిరిగొచ్చి నెల్లాళ్ళపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకో అడిగి రాద్దామనుకున్నాను. అడిగే లోపలే ఆవిడ వెళ్ళిపోయారు. రాసేవాళ్ళని రాసిన పుస్తకాలు లెక్కపెట్టి గౌరవిస్తారు గానీ, రాయనివి లెక్కపెడితే ఎవరూ గడప తొక్కనివ్వరు.

"ఏమ్మా, వద్దా?" అన్నాడు మావాడు, నా మొహం చూసి.

"కానియ్యి" అన్నాను. "పేరు ఉంచుకున్నంత మాత్రాన కథ ఉన్నట్టు కాదు."

ప్రింట్ ఉంచి, దాని తరవాత డిలీట్ రాసి, ఎంటరు నన్నే కొట్టమన్నాడు. తీసినవాటి పేర్లు మళ్ళీ వరసగా వచ్చాయి. ఈసారి లెక్కపెడితే 71.

"ఇందాక 64 కదురా! ఆ ఏడూ ఎక్కడివి?"

"అవి తల్లివమ్మా. ఇందాక వాటిల్లో పిల్ల ఫోల్డర్లుండేవి గనక ఖాళీ కింద లెక్కకి రాలేదు. పిల్లలు పోయాక అవీ ఖాళీ అయ్యాయి."

వాడు మామూలుగానే అన్నాడు. రేపో ఎల్లుండో బెంగుళూరు బస్సెక్కేవాడికి, ఆ మాట నాకెక్కడ తగిలిందో ఎలా తెలుస్తుంది? లేచి వెళ్ళి కాఫీ పెట్టాను.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. అందరూ పడుకున్నాక లాప్‌టాపు తెరిచి, శుభ్రంగా ఉన్న నా ఇంటిని మురిపెంగా చూసుకుంటున్నాను. ఒక్క ఫోల్డరు ఇంకా అలాగే ఉంది. తెరిచాను. ఫోల్డరు ఖాళీగా ఉంది అని చెబుతోంది. ఇది ఎలా తప్పించుకుంది? మావాణ్ణి లేపడమెందుకు, నాకు తెలుసు కదా అని, ఆ నల్లపలక నేనే తెరిచాను. ఆరెమ్‌డిర్ అని కొట్టి, పేరు రాశాను. ఆ ఫోల్డరు పేరు 'అమ్మ'.

ఎంటరు కొట్టాను. ఈసారి మౌనంగా ఊరుకోలేదు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. తెలుగులో చెబితే ఇదీ: 'అమ్మ'ను తొలగించడం సాధ్యం కాలేదు. డైరెక్టరీ ఖాళీగా లేదు.

చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను.

2019లో, అమ్మ తెనాలిలో తమ్ముడి దగ్గర ఉండేది. రాత్రి భోజనాలయ్యాక పది గంటల లోపల ఫోను చేసేది. తన చిన్నప్పటి కబుర్లు కొంచెం కొంచెం చెప్పించుకుని నేను టైపు చేసుకునేదాన్ని. "నా గొడవ ఎవడు చదువుతాడే" అంటూనే చెప్పేది. నవంబరులో ఒక రాత్రి, నాకు అంతవరకూ తెలియని సంగతి ఒకటి చెప్పింది. పెళ్ళికి ముందు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగానికి అర్జీ పెట్టిందట! మా అమ్మ! పోస్టుమాన్‌కి భయపడి గుమ్మంలోకి కూడా రాదనుకున్న మా అమ్మ!

"పెడితే?"

"రమ్మని ఉత్తరం వచ్చింది."

"వస్తే?"

"నీకు పొద్దుపోయింది, పడుకో. తరవాత ఏమైందో రేపు చెబుతాలే."

మర్నాడు రాత్రి నేను ముందే ఆ పేజీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. అమ్మ నంబరే. గొంతు తమ్ముడిది. "అక్కా, నువ్వు వెంటనే బయల్దేరు" అన్నాడు.

ఎలా ఉన్నదాన్ని అలా లేచిపోయాను. లాప్‌టాపు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయి, బ్యాటరీ అయిపోయి దానంతటదే ఆగిపోయింది. అమ్మ మూడు రోజులుంది. మాట మాత్రం లేదు. పదిహేను రోజుల తరవాత ఇంటికొచ్చాను. 'రమ్మని ఉత్తరం వచ్చింది' దగ్గర ఆగిపోయిన ఆ పేజీని చూసే శక్తి లేక, తెరవకుండానే తీసేశాను. చెత్తబుట్టతో సహా ఖాళీ చేశాను. తరవాత ఎన్నిసార్లు ఏడ్చానో ఆ పనికి. మిగిలింది ఈ ఫోల్డరు ఒక్కటే. అదీ ఖాళీ అనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

పొద్దున్నే మావాడికి చూపించాను. వాడు ఎల్, ఎస్ అని కొట్టి పక్కన మైనస్ ఎ అని రాశాడు. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు మామూలుగా కంటికి కనబడవట. ఇలా అడిగితేనే బయటికొస్తాయట. తెర మీద మూడు వచ్చాయి. ఒక చుక్క. రెండు చుక్కలు. మూడోది ఒక బుల్లి ఫైలు.

"లాక్ ఫైలమ్మా ఇది. లిబ్రేఆఫీస్‌లో నువ్వు ఏదైనా తెరిస్తే, ఇంకొకళ్ళు అందులో వేలు పెట్టకుండా పక్కనే ఇలాంటి గుర్తు ఒకటి పెడుతుంది. నువ్వు మూసెయ్యగానే తీసేస్తుంది. నువ్వు మూసెయ్యకుండానే సిస్టం ఆగిపోయినట్టుంది, ఇది ఇలాగే ఉండిపోయింది. ఎందుకూ పనికిరాదు, తీసెయ్యనా?"

"దాంట్లో ఏముంది?"

తెరిచి చూపించాడు. ఒకే ఒక్క వరస. దాంట్లో నా పేరు, కంప్యూటరు పేరు, తారీకు, వేళ. 14.11.2019, 21:52. రాత్రి తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలకి నేను ఆ పేజీ తెరిచి, అమ్మ ఫోను కోసం కూర్చున్నాను. అమ్మ చెప్పిన కథలో ఒక్క అక్షరం లేదక్కడ. నేను వినడానికి సిద్ధంగా కూర్చున్నానన్న సంగతి మాత్రం ఉంది.

మావాడికి అప్పుడు అర్థమైంది. వాడు ఏమీ అనకుండా కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

ఈ పని మీరూ చేసుకోదలిస్తే, విండోస్ ఉన్నవాళ్ళకి కూడా ఆర్, డి అని ఇలాంటి కమాండే ఉంది. పక్కన ఇంకేమీ తగిలించకపోతే అది కూడా ఖాళీవాటినే తీస్తుంది. అక్కడా కనబడకుండా దాక్కున్న ఫైళ్ళుంటాయి. ఏది వాడినా సరే, ముందు పేర్లు చూసుకోండి. అడగకుండా ఊడ్చేసేదాన్ని మాత్రం తొందరపడి పిలవకండి. మన కంటికి ఖాళీగా కనిపించేదాన్ని ఒకసారి తలుపు తట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉన్నారంటే వెనక్కి తగ్గే ఆ పాతకాలపు అయిదక్షరాల మీద నాకు గౌరవం కలిగింది. ఆ రోజు పేజీని తీసేసినప్పుడు నన్నెవరూ అలా ఆపలేదు.

ఆ ఉత్తరం వచ్చాక ఏం జరిగిందో నాకిక తెలియదు. తాతయ్య చింపేశాడో, అమ్మే దాచుకుందో, వెళ్ళి ఒక్కరోజైనా ఆ హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని 'నంబర్ ప్లీజ్' అందో. తమ్ముణ్ణి అడిగాను, వాడికి ఉద్యోగం సంగతే తెలీదు. తెలియనిది అల్లి రాసేసే ధైర్యం, నవలలు రాసేదాన్నయినా, నాకు లేదు. తెలిసినంతవరకూ మాత్రం, గుర్తున్న మాటల్లోనే, ఇందాక మీకు చెప్పేశాను.

ఈ వ్యాసం రాయడం పూర్తిచేసి దాచబోతే, ఏ ఫోల్డరులో పెట్టమంటావని అడిగింది కంప్యూటరు. కొత్త ఫోల్డరు చెయ్యలేదు. గిన్నె ఒట్టిగా తిప్పి పంపకూడదని మా అమ్మ చెప్పేది కదా. 'అమ్మ'లో పెట్టాను.

ఇక వంటింటి డబ్బాల సంగతంటారా? ఇప్పుడవి ఇరవై నాలుగు. మావాడు తెచ్చిన మైసూరుపాకు నిన్ననే నిండుకుంది. డబ్బా చాలా బావుంది మరి!